హామ్లెట్ తప్పు తాత్సారం కాదు

షేక్‌స్పియర్ నాటకంలోని డెన్మార్క్ యువరాజు హామ్లెట్ ప్రస్తావన రాగానే ఒకే ప్రశ్న ముందుకొస్తుంది: తండ్రిని చంపినవాణ్ణి చంపడానికి అతను ఎందుకంత తాత్సారం చేశాడు? నన్ను వేధించే ప్రశ్న వేరు. పగ తీర్చుకునే దారిలో తన చేతుల మీదుగా పోయిన ప్రాణాలకు అతను ఎప్పుడైనా జవాబుదారీగా నిలబడ్డాడా?

మూడో అంకం నాలుగో రంగం చూడండి. తల్లి గదిలో తెర వెనక అలికిడి కాగానే హామ్లెట్ కత్తి దూసి పొడుస్తాడు. తెర తీసి చూస్తే చచ్చింది తండ్రిని చంపి రాజై తల్లిని పెళ్లాడిన బాబాయి క్లాడియస్ కాదు, ముసలి మంత్రి పొలోనియస్. పిలవని చోటికి వచ్చావంటూ హామ్లెట్ ఆ శవాన్నే తిడతాడు. అది అక్కడే పడి ఉండగా తల్లి రెండో పెళ్లి గురించి చాలాసేపు నిలదీస్తాడు. చివరికి, ఈ చావుకు నేను జవాబు చెప్పుకుంటాను అంటాడు. నాకు పిచ్చి లేదు, నటిస్తున్నాను అని తల్లికి చెప్పేదీ ఆ రంగంలోనే. ఆ తర్వాత శవాన్ని ఈడ్చుకుపోయి దాచేస్తాడు.

ఆ జవాబు చెప్పాల్సిన రోజు ఐదో అంకంలో వస్తుంది. ఎదురుగా పొలోనియస్ కొడుకు లేయర్టీస్. నీకు అన్యాయం చేసింది హామ్లెట్ కాదు, హామ్లెట్ పిచ్చి; ఆ పిచ్చి వల్ల నష్టపోయినవాళ్లలో హామ్లెట్ కూడా ఉన్నాడు అని తన గురించి తానే అంటాడు హామ్లెట్. దీన్ని నిష్కల్మషమైన క్షమాపణగా చదివేవాళ్లున్నారు. తల్లితో అన్న మాటలు గుర్తున్నవాళ్లకు అలా చదవడం సాధ్యం కాదు.

అతని మీద జాలి లేక ఈ మాట అనడం లేదు. హంతకుడే రాజైతే ఫిర్యాదు ఎవరికి చేయాలి? పగ తప్ప వేరే దారి లేని చోట అతన్ని నిలబెట్టాడు షేక్‌స్పియర్. కానీ పగ తీర్చమన్న తండ్రి ఆత్మే, నీ మనసును మాత్రం మలినం చేసుకోకు అని హద్దు గీసింది. తన చిన్ననాటి స్నేహితులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టర్న్‌లను చంపించినప్పుడు ఆ హద్దు ఏమైంది? తనను చంపమంటూ క్లాడియస్ వాళ్ల చేత ఇంగ్లండ్‌కు పంపిన లేఖను మార్చి, తెచ్చినవాళ్లనే ప్రార్థనకైనా వ్యవధి ఇవ్వకుండా వెంటనే చంపమని రాసి, తండ్రి ముద్ర వేస్తాడు. వాళ్లు మోసుకెళ్లిన అసలు లేఖలో ఏముందో వాళ్లకు తెలుసనడానికి నాటకంలో ఆధారమే లేదు. వాళ్ల చావు నా మనస్సాక్షికి తగలదంటాడు. కోరి ఆ పనిలోకి దిగారు కదా అనే సమర్థన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటమైన 1623 ఫోలియో ప్రతిలో అదనంగా కనిపిస్తుంది.

బాధ్యత గురించి సూటి ప్రశ్న వేసుకునేది ప్రతినాయకుడే కావడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. అన్నను చంపి సంపాదించిన కిరీటాన్నీ రాణినీ వదులుకోకుండా క్షమాపణ ఎలా దొరుకుతుంది అని క్లాడియస్ మోకాళ్ల మీద కూర్చుని తనను తానే నిలదీసుకుంటాడు. జవాబు తెలిసి కూడా వదులుకోడు.

లేయర్టీస్ కూడా తండ్రి కోసమే పగబట్టాడు. చర్చిలోనైనా గొంతు కోస్తానన్నాడు, కత్తికి విషం పూశాడు. అయితే కత్తిపోటీలో అదే విషపు కత్తి తనకూ హామ్లెట్‌కూ తగిలాక, చనిపోయే ముందు, నా కుట్రకు నేనే బలయ్యాను, ఇది న్యాయమే అని ఒప్పుకుంటాడు. మనం ఒకరినొకరం క్షమించుకుందాం అని అడిగేదీ అతనే. దైవం నిన్ను క్షమించుగాక అంటాడు హామ్లెట్. మిగిలిన ఆ కాస్త ఊపిరితో మిత్రుడు హొరేషియోను కోరేది తన కథ లోకానికి సరిగ్గా చెప్పమని, తన పేరుకు మచ్చ రానివ్వొద్దని. ఆ మాటల్లో పొలోనియస్ లేడు, అతని చావుతో మతి చలించి నీట మునిగి చనిపోయిన అతని కూతురు ఒఫీలియా లేదు.