ఊదా కాలీఫ్లవర్ మోజు, నారింజ దుంప అవసరం

విశాఖపట్నంలో సిరిపురం, వీఐపీ రోడ్డు వైపు ఉన్న పెద్ద దుకాణాల్లో కూరగాయల అరల ముందు నిలబడితే ఆకుపచ్చ కన్నా ముందు ఊదా, ఎరుపు, పసుపు రంగులే కంటపడుతున్నాయి. ప్లాస్టిక్ పొర చుట్టిన ఊదా కాలీఫ్లవర్, ఎర్ర క్యాబేజీ, పసుపు కాప్సికం 'యాంటీఆక్సిడెంట్లు పుష్కలం' అన్న భరోసాతో మామూలు రకాల కన్నా బాగా ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి. అదే పూట ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఎర్ర తోటకూర కట్టలూ, తీగ బచ్చలీ, గుమ్మడికాయ ముక్కలూ ఏ భరోసా చీటీ లేకుండానే సంచుల్లోకి చేరుతున్నాయి. కూరగాయల రంగులన్నీ ఒకే విలువైనవి కావు. నారింజ రంగుకు, ముఖ్యంగా నారింజ చిలగడదుంప రంగుకు, పోషణలో రుజువైన పని ఉంది. ఊదా రంగుకు ఇప్పటికి ఉన్నది ప్రధానంగా గిరాకీ. మన డబ్బూ, మన ప్రచారమూ మాత్రం ఊదా వెంటే నడుస్తున్నాయి.

వీటిని ప్రయోగశాలలో పుట్టిన వింతలని భయపడేవారికి ఒక్క మాట చెప్పి ముందుకు పోవచ్చు. అఫ్ఘానిస్థాన్ ప్రాంతంలో తొలుత సాగులోకి వచ్చిన క్యారెట్లు ఊదా, పసుపు రంగులవే. నారింజ క్యారెట్ చాలాకాలం తరువాత ఐరోపాలో స్థిరపడింది. నారింజ కాలీఫ్లవర్ 1970లో కెనడాలోని ఒక పొలంలో తనంతట తానే పుట్టిన మార్పు. కాబట్టి భయం అనవసరం. అడగవలసింది వీటివల్ల కలిగే లాభం గురించి.

ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లనే యాంటీఆక్సిడెంట్లు (కణాలకు జరిగే హానిని అడ్డుకుంటాయనే పదార్థాలు) గుండెకు మేలు చేయవచ్చునని సూచించే పరిశీలనలు ఉన్నాయి, కాదనను. కానీ అవి తినకపోతే వచ్చే జబ్బంటూ ఏదీ లేదు, రోజుకు ఇంత తినాలన్న ప్రమాణమూ లేదు, తిన్నదానిలో శరీరం ఉన్నదున్నట్టుగా గ్రహించేది కొద్దిపాటే. ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తిని పరీక్షనాళికలో కొలిచి పట్టికగా ప్రకటించిన అమెరికా వ్యవసాయ శాఖే, ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ నేరుగా సంబంధం చూపలేమనీ, కంపెనీలు వాటిని అమ్మకాలకు దుర్వినియోగం చేస్తున్నాయనీ 2012లో దాన్ని తొలగించింది. పైగా ఆంథోసయనిన్లు నీటిలో కరిగిపోయే రంగులు. ఎర్ర క్యాబేజీని ఉడికించి నీళ్లు పారబోస్తే పెట్టిన డబ్బులో కొంత సింకులోకి పోయినట్టే. చింతపండు పులుసు తగిలితే ఆ ఊదా రంగు ఎర్రబడుతుంది, సోడా ఉప్పు తగిలితే నీలంగా మారుతుంది. ఊదా బీన్స్ అయితే మూకుట్లో మగ్గేసరికి మామూలు ఆకుపచ్చ బీన్సే.

నారింజ రంగు సంగతి వేరు. అది బీటా కెరోటిన్. దాని నుంచి శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. ఆ విటమిన్ కొరవడితే రేచీకటి వస్తుంది, ముదిరితే చూపే పోతుంది. అందుకే 1970 నుంచి దేశంలో పసిపిల్లలకు విటమిన్ ఎ ద్రావణం తాగించే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. కెరోటిన్ నూనెలో కరుగుతుంది కనుక, మన పోపు దానికి అడ్డం కాదు, తోడు. ఆకుకూరల్లోనూ ఇది దండిగా ఉంటుంది, అయితే ఆకుపచ్చ దాన్ని కప్పేస్తుంది. మునగాకులో కెరోటిన్ ఉందని చూసినవారెవరికీ తెలియదు. ఎర్ర తోటకూర పోషకాహారమైనది కూడా అన్నాన్ని గులాబీ రంగుకు తిప్పే ఆ ఎరుపు వల్ల కాదు, ఆ ఎరుపు చాటున ఉన్న కెరోటిన్ వల్ల. కంటికి నచ్చిన రంగును బట్టి పోషణను లెక్కగట్టే పద్ధతి ఇక్కడే తప్పుతోంది.

నారింజ రంగులోనూ హెచ్చుతగ్గులున్నాయి. మన ప్రభుత్వ పరిశోధన సంస్థలే విడుదల చేసిన రెండు రకాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా బీటా కేసరి 1 కాలీఫ్లవర్‌లో వంద గ్రాములకు బీటా కెరోటిన్ సుమారు 0.8 నుంచి 1 మిల్లీగ్రాము. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 2017లో ఇచ్చిన భూ సోనా చిలగడదుంపలో అదే వంద గ్రాములకు 14 మిల్లీగ్రాములు. పన్నెండు పాళ్ల కెరోటిన్‌కు ఒక పాలు విటమిన్ ఎ అన్న కఠినమైన లెక్క వేసుకున్నా, పెద్దవారి రోజు అవసరం వంద గ్రాముల దుంపతో, వండేటప్పుడు కొంత పోయినా, దాదాపు తీరుతుంది. ఆ అవసరం కాలీఫ్లవర్‌తో తీరాలంటే రోజుకు కిలోకు పైగానే తినాలి. అందంగా పళ్లెంలో అమర్చుకునే పువ్వుకూ, పొయ్యిలో కాల్చుకుని తినే దుంపకూ మధ్య ఇంత తేడా!

రంగు చూసైనా పిల్లలు కూర ముట్టుకుంటారని, పళ్లెంలో వైవిధ్యం పెరుగుతుందని అనేవారి మాటలో నిజం లేకపోలేదు. పండిన ఎర్ర కాప్సికంలో పచ్చి కాప్సికం కన్నా, ఎర్ర క్యాబేజీలో తెల్లదాని కన్నా విటమిన్ సి ఎక్కువే. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. అయితే విటమిన్ సి కోసం మనకు జామకాయ ఉంది, ఉసిరికాయ ఉంది. కెరోటిన్ కొరత ఉన్న ఇళ్లు ఆ చల్లని అరల దాకా రావు.

మరి ఇంత మేలైన దుంప విశాఖ బజార్లలో ఎందుకు కనబడదు? చిలగడదుంపను తీగ ముక్కలతో నాటుతారు. ఒక రైతు ఒకసారి తెచ్చుకుంటే మళ్లీ కొననక్కరలేదు, పక్క రైతుకు మోపెడు కోసి ఇవ్వనూవచ్చు. హైబ్రిడ్ కాలీఫ్లవర్ విత్తనం మాత్రం ఏటా ప్యాకెట్టు కొని తీరాలి. ఏటా అమ్ముడయ్యే సరుకుకు ప్రచారం చేసేవారుంటారు. ఊరికే చేతులు మారే తీగకు ఎవరు చేస్తారు? ప్రజల సొమ్ముతో పుట్టిన రకానికి ప్రచారకర్త కూడా ప్రభుత్వమే కావాలి. ఆఫ్రికాలో ఇది జరిగింది. తెల్ల దుంప తినే మొజాంబిక్, ఉగాండా పల్లెలకు నారింజ దుంపను అలవాటు చేసేందుకు వాహనాలకూ చొక్కాలకూ నారింజ రంగు వేసి ఊరూరా తిరిగారు. ఆ దుంపను రూపొందించి, ప్రచారంలోకి తెచ్చిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2016 ప్రపంచ ఆహార బహుమతిలో భాగం దక్కింది. అక్కడ రంగును అలంకారంగా కాక ఆనవాలుగా వాడారు.

భూ సోనాను ఒడిశా కోసం విడుదల చేశారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలకూ కోరాపుట్ కొండలకూ నడుమ ఉన్నది రాష్ట్ర సరిహద్దు మాత్రమే. నారింజ దుంప తెల్లదానిలా పిండిగా ఉండదు, కొంచెం మెత్తన. ఆ రుచి మన ఏజెన్సీ ఇళ్లలో నచ్చుతుందో లేదో కాగితాల మీద తేలదు, వండి పెట్టి చూడాలి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం తీగలు పెంచి ఆశ్రమ పాఠశాలల పెరళ్లకు పంచితే, జూలై వానలకు నాటిన పంటను కార్తికంలో తవ్వి బడి భోజనంలో వడ్డించవచ్చు. కావలసిన మొదటి తీగల కోసం తిరువనంతపురం దాకా కూడా పోనక్కరలేదు. ఆ దుంపల సంస్థకు భువనేశ్వర్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది, విశాఖ స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి చేరుకోవచ్చు.