ఫోర్కుకు శతమానం భవతి

ఈ మధ్య కుర్ర ఇంజనీర్లు కొందరు ఫోర్క్ మీద పడ్డారు. యూనిక్సు అనే ఆపరేటింగ్ సిస్టంలో కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పుట్టాలంటే ఉన్న ప్రాసెస్‌కు ఉన్నపళంగా నకలు తీయాలి. ఆ నకలు తీయించే పిలుపే ఫోర్క్. పీడీపీ-7 కంప్యూటర్ మీద ఈ తంతు మొత్తం 27 వరుసల అసెంబ్లీ కోడ్‌లో ముగిసిపోయింది. అంత పొదుపైన ఆచారాన్ని ఇక చరిత్ర పాఠంగా మాత్రమే చెప్పండని 2019లో నలుగురు పరిశోధకులు పత్రం రాశారు. పెద్దల మీద గౌరవం లేకపోతే ఇలాగే ఉంటుంది.

వారు మా ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చి ఉంటే విషయం బోధపడేది. మిర్చి అడ్తిదారుకు చాయ్ కావాలి. కుర్రవాణ్ణి పంపడం అనాగరికం. ముందు దుకాణమంతటికీ, బస్తాలూ చిట్టాలూ అప్పులతో సహా, జంట దుకాణం పుట్టాలి. ఆ జంట మరుక్షణమే సరుకంతా పారేసి చాయ్ బండిగా మారాలి. ఈ రెండో ఘట్టమే ఎగ్జెక్, అంటే నకలు వేరే ప్రోగ్రామ్‌గా మారిపోవడం.

దుబారా అనకండి. బస్తాలను, అంటే మెమరీలోని డేటాను, నిజంగా మోయరు, ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా ఒక్కటే తిరగరాస్తారు. ఎవరైనా బస్తా మీద చేయి వేస్తేనే దానికి నకలు. సరుకు పదుల గిగాబైట్లయితే చిట్టా రాసేలోగా చాయ్ చల్లారుతుందన్నది నిజమే. డేటాను డిస్కుకు దింపేందుకు ఫోర్క్ చేసే రెడిస్ అనే డేటాబేస్, ఆ కాసేపు ఎవరికీ బదులివ్వదు. ధ్యానంలో ఉన్నవారిని పలకరించకూడదు కదా! యూనిక్సు బాటలో నడిచే లినక్స్ ఇంకా ఉదారం. లేని గోదాముకూ, అంటే లేని మెమరీకీ, రసీదులిస్తుంది. అందరూ ఒకేసారి సరుకుతో వస్తే మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లను చంపే ఓఓఎం కిల్లర్ వచ్చి ఎవరో ఒకరి పీక నొక్కుతుంది.

అసలు అందం గుమాస్తాల దగ్గరుంది. ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే పనిచేసే గుమాస్తాలే థ్రెడ్లు. అవి ఎన్ని ఉన్నా, ఫోర్క్ పిలిచిన ఒక్కటే కొత్త దుకాణంలోకి వస్తుంది. సరిగ్గా అప్పుడు ఇంకో గుమాస్తా గల్లాపెట్టెకు తాళం వేసి ఉంటే? తాళం నకలవుతుంది, చెవి ఉన్నవాడు రాడు. కొత్త దుకాణం పెట్టె ముందు కూర్చుంటుంది. కూర్చునే ఉంటుంది. దీన్ని బగ్గు అనడం మర్యాద కాదు.

హనుమకొండలో ల్యాబు పరీక్ష రాసే విద్యార్థి సి భాషలో న్యూలైన్ లేకుండా ప్రింట్‌ఎఫ్‌తో ‘నమస్తే’ అని రాసి ఫోర్క్ చేస్తే తెర మీద రెండు నమస్తేలు పడతాయి. తెరకెక్కకుండా బఫర్ అనే తాత్కాలిక నిల్వలో మిగిలిందీ నకలైందన్నమాట. సంస్కారం అంటే అదీ!

నకలు లేకుండా నేరుగా పుట్టించే పోసిక్స్ స్పాన్ అనే మరో పిలుపు ఉందట. పైథాన్ భాష కూడా 3.14 నుంచి లినక్స్ మీద మల్టీప్రాసెసింగ్‌కు (ఒకేసారి పలు ప్రాసెస్‌లు నడపడానికి) డిఫాల్ట్‌గా ఉన్న ఫోర్కును మాన్పించి ఫోర్క్‌సర్వర్ పెట్టింది. పేరులోంచి మాత్రం తీసేయలేకపోయారు, గమనించండి.

పరీక్షాధికారులకు నా విన్నపం ఒక్కటే. వైవాలో పోసిక్స్ స్పాన్ పేరెత్తినవాణ్ణి ఫెయిల్ చేయండి. ఫోర్క్ ఒక్కసారి పిలిస్తే పాత ప్రాసెస్‌లో ఒకసారి, నకలులో ఒకసారి, మొత్తం రెండుసార్లు తిరిగొస్తుందని చెప్పినవాడికి మార్కులు కూడా రెండుసార్లు వేయండి.