తెలిసిందా, పికప్ తేడా?

హార్స్‌పవర్ కొలవడానికి డైనమోమీటర్ అని ఒక యంత్రం ఉంది. కారును రోలర్ల మీదికి ఎక్కించి, చక్రాలు తిప్పించి, గ్రాఫు గీయించి చూస్తారు. అదంతా ఆత్మవిశ్వాసం లేనివాళ్ల వ్యవహారం. ఇంటి ముందే కారు విప్పి ట్యూనింగ్ చేసుకునే మన మహానుభావుడికి అంతకన్నా నమ్మకమైన పరికరం ఉంది. అది ఆయన నడుము. సీటుకు ఆనిస్తే చాలు, రీడింగు వచ్చేస్తుంది. "పదిహేను గుర్రాలు పెరిగాయన్నా!"

ఆ గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, ఎయిర్ ఫిల్టర్ నుంచి. పాపం, కంపెనీ ఇంజనీర్లు తెలివి చాలక ఓ నల్లటి డబ్బా పెట్టి, బయటి చల్లగాలి అందేలా దానికి గొట్టం బిగించారు. మనవాడు ఆ రెండూ పీకి పారేసి, ఎర్రగా మెరిసే కోన్ ఫిల్టర్ ఒకటి తెచ్చి, సరిగ్గా ఇంజను సెగ తగిలేచోట బిగించాడు. వేడిగాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. ఒక పాలు పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి కాబట్టి, గాలి తగ్గితే ఇంజను కంప్యూటర్ పెట్రోలూ తగ్గిస్తుంది. పైగా వేడికి నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం, వస్తుందేమోనని స్పార్కు వేసే సమయాన్ని కాస్త వెనక్కి జరుపుతుంది. అంటే ఆయన చేతి డబ్బు వదిలించుకుని మరీ ఇంజను బలం తగ్గించుకున్నాడన్నమాట. కానీ బుస్సుమని ఆ చప్పుడుందే! దాని ముందు భౌతికశాస్త్రం ఎంత?

ఇక మిమ్మల్ని పక్కన కూర్చోబెడతారు. తప్పదు. "బెల్టు పెట్టుకోన్నా" అన్నప్పుడు ఆయన ముఖంలో రాకెట్ ప్రయోగానికి ముందుండే గాంభీర్యం. ఫస్ట్ గేరు. సెకండ్ గేరు. రోడ్డు వంక కాదు, మీ ముఖం వంక చూస్తున్నాడు. "తెలిసిందా?" మీరు "ఊఁ" అంటారు. ఆ ఊఁ సరిపోదు. "పికప్ అన్నా, పికప్! ముందు ఇలా ఉండేది కాదు." ముందు ఎలా ఉండేదో మీకు తెలియదు. అయినా తల ఊపుతారు. ఊపిన తీరు ఆయనకు నచ్చదు. బండి వెనక్కి తిప్పి మళ్లీ మొదలు. "ఈసారి ఏసీ ఆపి చూద్దాం." ఏసీ ఆపగానే కంప్రెసర్ బరువు దిగి ఇంజను నిజంగానే హాయిగా ఊపిరి పీలుస్తుంది. ఆ తేడా మాత్రం ఫిల్టర్ ఖాతాలో జమ. "చూశావా!" అంటాడు. చూశాం బాబూ. అద్దాలు కూడా దించు, ఉక్క పోస్తోంది.

ఇంజను బలం పెంచుతుందని చెప్పి అమ్మితే స్టీరింగ్ కింద సాకెట్లో గుచ్చిన పవర్ చిప్ గురించి ఎక్కువ చెప్పను. అలాంటివి విప్పి చూస్తే చాలావాటిలో ఉండేది మిణుకుమనే లైట్లూ, వాటిని మిణికించే చిన్న సర్క్యూటూ. డ్యాష్‌బోర్డులో వెలిగే ఇంజను లైటుకు ఆయన కనిపెట్టిన మరమ్మతు నల్ల టేపు.

తిరిగొచ్చేటప్పుడు బ్రేకు తొక్కాడు. కీచుమని అరుపు.

"ఏమిటది?"

"అదా, ప్యాడ్లు అరిగాయన్నా. వచ్చే నెల చూద్దాం. ముందు సైలెన్సర్ మార్చాలి."

వచ్చే నెలా? ప్యాడు ఇక పనికిరాదని చెప్పడానికే దానికి ఓ చిన్న ఇనుప రేకు పెట్టారు. ప్యాడు బాగా అరిగాక అది డిస్కుకు తగిలి అరుస్తుంది. కారు మొత్తంలో నీతో నిజం మాట్లాడుతున్నది ఆ రేకొక్కటే, దాన్ని వచ్చే నెలకు వాయిదా వేశావు! వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుందని నీ నడుము చెప్పలేదా? బ్రేక్ ఆయిల్ మూత ఎప్పుడైనా తీశావా? అది గాల్లోని తేమ పీలుస్తుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తడి పీల్చాక ఆ హద్దు 155కు దిగుతుంది. వాలులో వేడెక్కి మరిగితే పెడల్ నేలకంటుకుంటుంది, బండి మాత్రం ఆగదు. ఎదురుగా రోడ్డు దాటుతున్న మనిషి నీ ప్రయోగంలో చేరతానని సంతకం చేయలేదు. నీ పదిహేను గుర్రాలతో ఆ మనిషికేం పని?

సొంతంగా కారు బాగుచేసుకునేవాళ్లంటే నాకు గౌరవమే. మాన్యువల్ తెరిచి, బోల్టును సరిగ్గా కావలసినంతే బిగించే టార్క్ రెంచి పట్టుకుని, ఓపిగ్గా ఆయిల్ మార్చేవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ మనల్ని పక్కన కూర్చోమనరు. నువ్వూ ఆ ప్యాడ్లు మార్చు. ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరకు, స్టాండ్లు పెట్టు. బిగించాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కు. అదంతా చేతకాకపోతే మెకానిక్కును పిలువు. అప్పటిదాకా ఆ తాళంచెవి ఇంట్లో ఇంకెవరికైనా ఇచ్చెయ్.