మహారాజశ్రీ గుజ్జు అరుగుదల గారికి

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనలేను. మీరు కుశలమే, కుంటుతున్నది నేనే.

పాలప్యాకెట్లు తెచ్చుకుని మెట్లెక్కుతుంటే ఎడమ మోకాలి లోపలి పక్కన కలుక్కుమంది. "అబ్బా" అన్నాను, అంతే. పక్క ఫ్లాటు పిన్నిగారు తలుపైనా తీయకుండా "గుజ్జు అరిగుంటుందమ్మా" అన్నారు. మందుల షాపు కుర్రాడిదీ అదే మాట. మా ఆడపడుచు ఫోన్లోనే తేల్చేసి బెండకాయ నానబెట్టిన నీళ్ళు తాగమంది. ఆ జిగురు నేరుగా మోకాల్లోకి దిగుతుందట!

డాక్టరుగారు బల్లకి అవతలి నుంచే "వయసెంత?" అన్నారు. 48 అన్నాను. మీ పేరు రాసేశారు. ఎక్స్‌రే పడుకోబెట్టి తీశారు. కాలి మీద బరువు మోపి నిలబడితే గానీ ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగ్గా కనపడదని ఎవరూ అనలేదు. తర్వాత ఎంఆర్ఐలో మెనిస్కస్, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది, కొంచెం చిరిగిందన్నారు. మీరు తప్పుకొని తమ్ముణ్ణి పంపారన్నమాట. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 దాటిన 991 మందికి ఇదే స్కాన్ తీసి 2008లో ఫలితాలు అచ్చేశారు. చిరుగున్న వాళ్ళలో నూటికి 61 మందికి ఆ ముందు నెలంతా మోకాలి నొప్పే లేదు!

చివరికి ఫిజియోథెరపీ అమ్మాయి అడిగింది: "ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించండి ఆంటీ." మూడు నెలల్లో ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. కీలు సందు వెంట నొక్కింది, నొప్పి లేదు. మడిచి మెలితిప్పింది, ఎక్కడా పట్టెయ్యలేదు. కాస్త వంచి పాదాన్ని బయటికి నెట్టింది, ఎముకల్ని పట్టి ఉంచే పక్క లిగమెంటు గట్టిగానే ఉంది. తుంటి కూడా తిప్పి చూసింది; అక్కడి జబ్బు ఒక్కోసారి మోకాల్లో మూలుగుతుందట. ఆ తర్వాత సందుకి రెండంగుళాల కింద వేలు పెట్టింది. నా కేక పిన్నిగారికి వినపడే ఉంటుంది.

మూడు తొడ కండరాల టెండన్లు అక్కడే ఎముకకు అతుక్కుంటాయి, బాతు కాలివేళ్ళలా. వాటి కింద ఉండే చిన్న నీటిసంచి వాచిందట. ఉగాది నుంచి రోజూ పదివేల అడుగులు నడవాలని నియమం పెట్టుకున్నానుగా. ఆ చోటికి లాటిన్ పేరు హంసపాదమే. ఆదిలోనే హంసపాదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు వస్తారు, తెలుసు. వచ్చినప్పుడు నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కనపడండి.

ఇట్లు,
మీది కాని ఒక మోకాలి యజమానురాలు

తా.క. పిన్నిగారికి సంగతంతా చెప్పాను. "అయ్యో, హంసపాదం కూడా అరిగిందా?" అన్నారు.