పతకం బరువు వేరు, అందులోని వెండి వేరు

సికింద్రాబాద్ పాట్‌మార్కెట్‌లోని ఒక వెండి దుకాణంలో ఇటీవల మా మేనమామగారి పతకాన్ని తూకం వేయించాం. పాతికేళ్ల ఉద్యోగానికి గుర్తుగా సంస్థ ఇచ్చిన ఆ పతకం సరిగ్గా 50 గ్రాములు తూగింది. భూతద్దం పెట్టి చూస్తే అంచు మీద 925 అన్న ముద్ర కనిపించింది. అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి; ఆ లెక్కన అందులోని అసలు వెండి 46.25 గ్రాములు, మిగిలినది రాగి. దుకాణదారు ఆ లెక్కకే ధర కట్టి, తరుగు కింద మరికొంత తగ్గించాడు. పతకం మీద చెక్కిన పేరుకు, తేదీకి పైసా కూడా కట్టలేదు.

కడ్డీలకు బదులు స్మారక పతకాలు కొని దాచుకోవాలనుకునేవారు మొదట గమనించవలసింది ఇదే. పాత పతకం లోహపు ధరకు దొరికితే కొనడంలో తప్పు లేదు. కొత్తది కొన్నప్పుడు మాత్రం పనితనానికి, పెట్టెకు, ధ్రువపత్రానికి, వాటిపై పన్నుకు కలిపి ఇచ్చిన సొమ్ము అమ్మేనాడు తిరిగి రాదు. అమెరికాలో ఫ్రాంక్లిన్ మింట్ అనే ప్రైవేటు టంకశాల 1960లు, 70లలో స్టెర్లింగ్ వెండి (అదే 925 వెండి) పతకాలను వరుస సంపుటాలుగా, లోహ విలువకు మించిన ధరలకు అమ్మింది. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల సమీపానికి చేరినప్పుడు అలాంటి పతకాలెన్నో కరిగించే మూసలోకి వెళ్లాయి. మార్చి నెలాఖరుకల్లా ధర కుప్పకూలింది.

స్వచ్ఛత విషయంలో మోసపోవడం ఇంకా తేలిక. మన ప్రభుత్వం చాలా ఏళ్లపాటు విడుదల చేసిన 35 గ్రాముల స్మారక నాణేల్లో వెండి సగమే, అంటే 17.5 గ్రాములు, తక్కినది రాగి, నికెల్, జింకు. చార్మినార్ బొమ్మతో వచ్చిన నిజాం హాలీ రూపాయిలోనూ వెండి 81.8 శాతమే. ప్రైవేటు పతకాల్లో కేవలం పూత పూసినవీ ఉంటాయి. దుకాణంలో స్వచ్ఛత కొలిచే ఎక్స్‌రే యంత్రం పై పొరనే చదువుతుంది కనుక, మందపాటి పూత దాన్నీ తప్పుదారి పట్టించగలదు. సాంద్రత చూడటం మేలు: ఘన సెంటీమీటరు మేలిమి వెండి 10.49 గ్రాములుంటే, రాగి 8.96 గ్రాములే ఉంటుంది. నీటిలో ముంచి తూచే ఈ పరీక్షకు పతకాన్ని గీకవలసిన పని లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. 2011 నాటి నాణేల చట్టం నాణేలను కరిగించడాన్ని నిషేధించింది. పతకానికి ముఖవిలువ లేదు, అది నాణెం కాదు, కాబట్టి ఆ రక్షణ దానికి వర్తించదు. 1903 నుంచి పనిచేసిన సైఫాబాద్ టంకశాలలో 2022లో మ్యూజియం వెలిసింది గనుక నాణేల చరిత్రకు ఒక నీడ దొరికింది. ఒక మిల్లు రజతోత్సవానికో, ఒక కళాశాల వార్షికోత్సవానికో కొద్ది సంఖ్యలో కొట్టించిన పతకానికి అందుకున్నవారి ఇంటి బీరువా తప్ప మరో చోటు లేదు. ఆ సంస్థ మూతపడ్డాక దాని పేరు, చిహ్నం, సంవత్సరం కలిసి కనిపించే వస్తువు ఒక్కోసారి అదొక్కటే కావచ్చు.

కనుక కొనేటప్పుడు వెండికే ధర కట్టాలి. అమ్మే ముందు మాత్రం రెండు వైపులా ఫొటోలు తీసి, బరువు, ముద్ర, తయారీదారు పేరు రాసుకుని, పాత నాణేలు సేకరించే ఒకరికైనా చూపించాలి. అవసరం తరుముతున్న ఇంట్లో ఈ జాగ్రత్త కష్టమే, కానీ అందుకు పట్టేది ఒక్క పూట. మేనమామగారి పతకాన్ని మేము ఆ రోజు అమ్మలేదు. అంచు మీది ముద్ర పక్కన ఉన్న చిన్న అక్షరాలు ఏ తయారీదారువో ఇంకా వెతుకుతున్నాం.