అక్వేరియం మొక్కలు: చాలా చంపినవాడి సలహాలు

ట్యాంకులో లైవ్ ప్లాంట్స్ పెడదామనుకునేవాళ్లు ముందు ఫోటో చూడాలి, ట్యాంక్ సంగతి తర్వాత. జపాన్‌లో తకాషి అమానో అనే ఫోటోగ్రాఫర్ నేచర్ అక్వేరియం అని మొదలుపెట్టి మనందరి కొంపా ముంచాడు, ఆయన ట్యాంకులు చూసిన ప్రతివాడికీ తన గాజుపెట్టెలో కూడా పచ్చిక బయలు కావాలి. కావాలంతే. ఆ పచ్చిక పరిచే హెచ్‌సీ క్యూబా అనే చిట్టి మొక్క బాగా పెరగాలంటే గట్టి లైటు, సిలిండర్‌తో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) ఉండాలని ఎవరైనా చెప్తే వాడికి మనమీద కుళ్లు అని అర్థం. ట్యాంకుతో ఫ్రీగా వచ్చిన నీలం లైటు ఉంది కదా, చాలు. రెండు వారాల్లో పచ్చికంతా లేచి తేలి ఫిల్టర్లో చేరుతుంది, ఫిల్టర్ మాత్రం కళకళలాడుతుంది.

అనూబియాస్, జావా ఫెర్న్ కొనేవాళ్లని చూస్తే జాలేస్తుంది. తక్కువ లైట్లో బతికేస్తాయి, సీఓటూ అడగవు, మట్టి కూడా వద్దు, దారంతో రాయికో చెక్కకో కట్టేస్తే చాలంట. ఏమీ అడగని దాన్ని పెంచితే మన గొప్పేముంది? అయినా పొరపాటున కొన్నారనుకోండి, అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది, రైజోమ్ అంటారు, దాన్ని ఇసుకలో లోతుగా పూడ్చేయండి. కుళ్లిపోతుంది, గొడవ వదులుతుంది.

క్రిప్టోకొరైన్ ఇంకో రకం. కొత్త నీళ్లలో పెట్టగానే ఆకులన్నీ కరిగించేసుకుంటుంది, వేర్లు మాత్రం బతికే ఉంటాయి, కొన్ని వారాలాగితే కొత్త చిగుళ్లొస్తాయి. అసలు చాలా మొక్కల్ని నర్సరీల్లో నీళ్లపైన, గాలిలోనే పెంచుతారు కాబట్టి ముంచాక పాత ఆకులు పోవడం మామూలే. కానీ అంత ఓపికున్నవాడు చేపలెందుకు పెంచుతాడండీ, మూడోరోజే పీకి పారేసి కొత్తది కొనాలి, పాపం షాపువాడు కూడా బతకాలి కదా. ఆయనే మొన్న నాకు లక్కీ బ్యాంబూ పూర్తిగా నీళ్లలో ముంచి పెట్టుకోమని అమ్మాడు. అది బ్యాంబూ కాదు, డ్రసీనా, ఆకులు మునిగితే కుళ్లుతుంది, లక్కీ ఎవరికో చెప్పక్కర్లేదు.

చేపల అభిప్రాయం అడక్కండి. గోల్డ్‌ఫిష్ ఉంటే మెత్తటి ఆకులున్నవే ఏరి తెచ్చి పెట్టండి, దానికీ తిండిలో కాస్త మార్పు ఉండాలి.

లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలంటారు, నేను ప్రేమకొద్దీ 16 గంటలు పెట్టాను. మొక్కలు పోయాయి గానీ నాచు అదిరిపోయింది, ముఖ్యంగా ఒక మూల పాత ప్లాస్టిక్ మొక్క ఉండేది (నేనే కొన్నాను, ఎవరికీ చెప్పలేదు), దాని ఆకు ఆకుకీ పచ్చగా మెత్తగా పట్టేసింది. ఇంటికొచ్చినవాళ్లు దాన్నే చూసి ఇదేం మొక్క, భలే పెంచారే అంటున్నారు. చాలా రేర్ అండీ, చాలా మెల్లగా పెరుగుతుంది అని చెప్తున్నాను.