నమూనా నెగ్గితే ట్యాంకు నెగ్గినట్టేనా?

హైడ్రోజన్ వాహనాల ప్రయోగాత్మక మార్గాల్లో మన విశాఖపట్నం–బయ్యవరం రహదారి కూడా ఉంది. 2025 మార్చిలో కేంద్రం 37 వాహనాలకు, 9 ఇంధన కేంద్రాలకు పచ్చజెండా ఊపిన సంగతి పాఠకులకు తెలిసిందే. పెట్టుబడుల లెక్కలపై సాగుతున్న చర్చలో పదో వంతు కూడా ఆ వాయువును మోసే ట్యాంకుపై సాగడం లేదు.

ఆ ట్యాంకు తయారీలో ప్లాస్టిక్ లేదా అల్యూమినియం లైనర్‌ను (లోపలి తొట్టిని) తిప్పుతూ, జిగురులాంటి రెజిన్‌లో తడిపిన కార్బన్ ఫైబర్ పోగులను దానిపై పొరలు పొరలుగా చుట్టి, ఓవెన్‌లో గట్టిపరుస్తారు. పోగు బిగువు సడలితే ముడత పడుతుంది, రెజిన్ అందని చోట గాలిబుడగ మిగిలిపోతుంది, గుమ్మటంలా వంపు తిరిగే కొసల వద్ద పోగు జారితే సందు ఏర్పడుతుంది. వాటిపై మరో పొర పడ్డాక కంటికి కనిపించేది నిగనిగలాడే నల్లని పైభాగం మాత్రమే. కార్లలోనైతే ఆ గోడ 700 బార్ల ఒత్తిడిని ఆపాలి. లారీ టైరులో ఉండేది 8 బార్లకు అటూఇటూ.

2025 జూన్‌లో టెక్సాస్‌లో స్పేస్‌ఎక్స్ వారి స్టార్‌షిప్ రాకెట్ పరీక్షా వేదికపైనే పేలిపోయింది. నత్రజని నింపిన ఇలాంటి చుట్టుడు ట్యాంకే అందుకు కారణమని, దానిలోని దెబ్బ ముందస్తు తనిఖీల్లో దొరకలేదని ఆ సంస్థే చెప్పింది. ఆపై ట్యాంకుల్లో ఒత్తిడి తగ్గించి, తనిఖీలు పెంచింది. రోడ్డు వాహనాల విషయంలో నడక తలకిందులైంది. కార్బన్ ఫైబర్ ట్యాంకు పని ఒత్తిడికి 2.25 రెట్ల వరకు పగలకూడదన్న ఐక్యరాజ్యసమితి నిబంధనను 2023లో 2 రెట్లకు దించారు. అంటే 1,575 బార్లు తట్టుకోవలసిన ట్యాంకుకు ఇక 1,400 చాలు.

దీనివల్ల ఖరీదు, బరువు తగ్గుతాయని, రెట్టింపు బలం ఎలాగూ ఉంటుందని పరిశ్రమ అంటోంది. ఉండవచ్చు. కానీ ఆ రెట్టింపును కొలిచేది నమూనాను పేల్చి. పేల్చిన ట్యాంకును ఎవరూ బండికి బిగించరు. బిగించేది దాని పక్కదాన్ని. ప్రతి ట్యాంకుకూ ఒత్తిడి పరీక్ష జరిగే మాట నిజమే అయినా, అది ఆ రోజుకు నిలిచిందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది, పొరల నడుమ నక్కిన బుడగను చూపదు. నమూనా నెగ్గింది గనుక మిగతావీ నెగ్గినట్టేనన్న లెక్కపై ఒకసారి సడలింపు ఇస్తే, మరోసారి అడగడానికి అదే లెక్క చాలు. మన వాహన ప్రమాణాలు ఐక్యరాజ్యసమితి నిబంధనల ఒరవడిలో రాసుకునేవే గనుక, ఆ నిబంధనలు రాసే జెనీవాలో తగ్గిన కొలత రేపు బయ్యవరం రోడ్డుపై కూడా తగ్గదని హామీ ఏది?

2020 మే 7న స్టైరిన్ వాయువు కమ్మి 12 మంది ప్రాణాలు పోగొట్టుకున్న నగరం విశాఖ. అక్కడి జనానికి ‘అన్ని అనుమతులూ ఉన్నాయి’ అన్న మాట చెప్పడానికి అధికారులకు నోరెలా వస్తుంది? ప్రతి ట్యాంకునూ అల్ట్రాసౌండ్‌తోనో సీటీ స్కాన్‌తోనో పరీక్షించి, ఆ నివేదికను ట్యాంకు నంబరుతో సహా జనం ముందు పెట్టాలి. అంతవరకు జెండా ఊపే ఫొటోలు ఆపండి.